ఎవరూ చదవరని చెప్పాం

మార్చి 3, సోమవారం

కింద స్టేషనరీ షాపులో ఈ నోటుబుక్కు కొన్నాను. మనుషులు మనసులో మాట రాసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసి, నా మాట రాసుకోవడానికి మాత్రం గీతల కాగితం కొనుక్కున్నానని తెలిస్తే బావ పడీపడీ నవ్వుతాడు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడు కదా అని సర్దిచెప్పుకున్నాను.

వచ్చే సోమవారం విడుదల. మేం ముగ్గురం, రెండు గదులు, ఒక కిటికీ. బావ మనుషుల్ని పోగుచేస్తాడు. అక్కని పెళ్ళి చేసుకున్న రోజునుంచీ మాటలే ఆయన పని. రంగులాయన తెర మీద ఏది ఎక్కడుండాలో గీస్తాడు, గీసింది నచ్చక చెరుపుతాడు. లోపలి పనంతా నాది. పేరు 'మూత'. తెరవడం, మనసులో ఉన్నది రాసుకోవడం, మూత పెట్టేయడం. రాసింది బయటికి వెళ్ళేలోపే తాళం పడుతుంది, తాళంచెవి రాసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. మాకు చేరేవి పిచ్చిగీతలు.

ఆ పేరు వినగానే బావ వాళ్ళమ్మ, "అదేం పేరురా! కంపెనీ మూతపడకుండా చూసుకోండి ముందు" అంది. బావ అప్పటినుంచీ వచ్చినవాళ్ళందరికీ ఆ జోకు తనదిగా చెబుతున్నాడు.

ఒక్కటే బెంగ. పరీక్షకని ముందుగా వాడుతున్న అరవై మందిలో నలుగురికి, రాసింది రాసినట్టే మాయమైంది. నా దగ్గర ఎన్నిసార్లు చేసి చూసినా మాయం కాదు.

మార్చి 7, శుక్రవారం

నలుగురు ఆరుగురయ్యారు. ఒకావిడ ఫోన్ చేసి, "నాలుగు పేజీలమ్మా! మళ్ళీ రాద్దామంటే అదే ఏడుపు మళ్ళీ రాదు కదా" అంది. క్షమించమన్నాను.

ఇంటికప్పు ఎక్కడ కారుతోందో తెలియకపోతే కింద గిన్నె పెడతాం. నేనూ ఒక గిన్నె పెట్టాను. రాసింది దాచేటప్పుడు ఏ కొంచెం తేడా వచ్చినా, తాళం పడకముందే దాని నకలు ఒకటి మా మెషీన్లో వచ్చి పడుతుంది. నకళ్ళు చూస్తే ఎక్కడ తెగుతోందో తెలుస్తుంది. పరీక్షవాళ్ళకి మాత్రమే. ఆదివారం తీసేస్తాను.

బావకి చెప్పలేదు. చెబితే పది ప్రశ్నలు.

మార్చి 9, ఆదివారం

తీయలేదు.

తప్పు దొరకలేదు. విడుదల రోజే వందమంది రాసింది గాల్లో కలిసిపోతే, మంగళవారానికి మా బోర్డు కూడా ఉండదు. రెండు రోజులు. రెండంటే రెండే.

మార్చి 10, సోమవారం

పొద్దున పది గంటలకి బావ మీట నొక్కాడు. రంగులాయన కళ్ళు మూసుకున్నాడు. ఏమీ పేలలేదు. పదీ నాలుగుకి మొదటి మనిషి వచ్చాడు, ఎవరో మాకు తెలియనివాడు. ముగ్గురం వాడి నంబరు చూసుకుంటూ పసిపిల్లాణ్ణి చూసినట్టు మురిసిపోయాం.

మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న రెండు ముక్కలూ నావే. మూడు వారాల కిందట బావ ఒక పేరా రాసుకొస్తే, కొట్టేసి రాశాను: 'మీరు రాసింది ఎవరూ చదవరు. మేమూ చదవం.' రంగులాయన దాని చుట్టూ ఏ బొమ్మా వేయలేదు. ఆ మాటకి బొమ్మ అక్కర్లేదన్నాడు.

మధ్యాహ్నం కోర్టునుంచి అక్క ఫోన్ చేసింది. సాక్షులు చెప్పేది విని టైపు చేసే ఉద్యోగం అక్కది. భోజనం వేళ తప్ప ఊపిరి సలపదు.

"మీ డబ్బాలో నేనూ చేరానే. నిజంగా ఎవరికీ కనపడదా? మీ బావకి కూడా?"

"నాకే కనపడదు, ఇంక బావకేం కనపడుతుంది?" అన్నాను.

అలవాటైన మాట. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఫోన్ పెట్టాక గిన్నె గుర్తొచ్చింది. అక్కకి తేడా రావాలని ఏముంది, అందరికీ రాదు కదా అనుకున్నాను.

సాయంత్రానికి రెండు వందల నలభై మంది.

మార్చి 12

ఇంకో రెండు రోజులు.

మార్చి 14, శుక్రవారం

పెద్ద కంపెనీ వాళ్ళు కూడా మొదలుపెట్టారు. ప్రపంచంలో సగం మంది ఫోన్లలో ఇప్పటికే ఉన్న వాళ్ళ సరుకులోనే, ఒక మూలన, తాళం బొమ్మతో, ఉచితంగా. మేం మూడేళ్ళు తలబద్దలు కొట్టుకున్నది వాళ్ళ ప్రకటనలో ఆరో వరుసలో ఉంది.

"మనల్ని తొక్కాలని తొక్కలేదండీ. ఏనుగు నడిచిందంతే, కింద మనం ఉన్నాం" అన్నాడు రంగులాయన.

బావ మాత్రం డీలాపడలేదు. కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరిగాడు. "వాళ్ళ దగ్గర వెయ్యి సరుకులున్నాయి. మన దగ్గర ఒక్క మాటుంది. వాళ్ళేం చేస్తారో నాకు తెలీదు, మేం మాత్రం చదవం. ఇక ఎక్కడికెళ్ళినా ఇదే మాట, ఇంకోటి లేదు" అన్నాడు. నా భుజం తట్టి, "నువ్వు రాసిన మాటే మరదలా!" అన్నాడు.

గిన్నెలో ముప్ఫై ఒకటి పడ్డాయి. తెరిచాను. ఎక్కడ తెగిందో చూడాలంటే చివర చూడాలి. చివరి నాలుగు పదాలే చూస్తాను, పైవేవీ చూడను. అదీ నియమం.

మార్చి 15

నాలుగు పదాలతో అర్థం కావడం లేదు. చివరి వాక్యం చూస్తాను.

మార్చి 17, సోమవారం

ఒకాయన తన కొడుక్కి చెప్పాల్సినవి వరసగా రాసుకున్నాడు, కొడుకు ఫోన్ ఎత్తడంలేదట. ఒకమ్మాయి ఉద్యోగం మానేస్తానని పై అధికారికి ఉత్తరం రాసి, కింద 'పంపను' అని రాసుకుంది. ఇవన్నీ నాకెందుకు తెలియాలి? తెగిన చోటు కోసమే చూశాను.

తరవాతది అక్కది.

మూడో వాక్యానికే తెలిసిపోయింది. కోర్టు, బావ వాళ్ళమ్మ పోరు, 'మా ఆయన'. అక్కడే ఆగి ఉండవచ్చు. ఆ పేజీలో పదకొండు వాక్యాలున్నాయి. పదకొండూ చదివాను. తెగింది పదకొండో వాక్యం చివర. దానికి ముందున్న వాటితో నాకు పని లేదు.

ఎనిమిది నెలలుగా అక్కకి ఎడమ చెవి సరిగ్గా వినపడడం లేదు. ఇప్పుడు కుడిచెవికీ కొంచెం మొదలైంది. మొన్న ఒక సాక్షి చెప్పిన తేదీ వినపడకపోతే, వకీలు పెదాలు చూసి టైపు చేసిందట. మర్నాడు అడిగి సరిచూసుకుంటే సరిగానే ఉంది. 'ఈసారి సరిగ్గా ఉంది. వచ్చేసారి ఎవరి జైలు నా చేతిలో ఉంటుందో' అని రాసింది. ఎవరికీ చెప్పలేదట. చెబితే ఉద్యోగం పోతుందని భయం. చెప్పకపోతే ఇంకో భయం.

కిటికీ దగ్గర నిలబడ్డాను. రంగులాయన "ఏమైందండీ, తప్పు దొరికిందా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

మార్చి 18

గిన్నె తీయలేదు. తప్పు ఇంకా దొరకలేదు కాబట్టి. అందుకే.

మార్చి 23, ఆదివారం

మధ్యాహ్నం అక్కావాళ్ళింటికి వెళ్ళాను. సొంత అక్కని చూడడానికి వెళ్తూ మెట్ల మీద రెండు నిమిషాలు నిలబడ్డాను. ఏమీ తెలియనట్టు ఉండాలి. ఉన్నాననే అనుకుంటున్నాను.

బావ వాళ్ళమ్మ టీవీ పెట్టుకుని కూర్చుంది. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పక్కన కూర్చుని నేనూ మడతపెట్టాను. ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడాను. చెవి డాక్టర్లలో ఎవరో మంచావిడ ఉందట, మా ఫ్రెండు వాళ్ళ నాన్నకి బాగా చూసిందట, అని కూడా మాటల్లో మాటగా అన్నాను. అలాంటి ఫ్రెండు నాకెవరూ లేరు.

అక్క మడతపెడుతున్న దుప్పటి ఆపి నావైపు చూసింది. మళ్ళీ మడతపెట్టింది.

టీ ఇస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళింది, చాలాసేపు రాలేదు.

మార్చి 25, మంగళవారం

పేపర్లో రాసే ఆవిడ వచ్చింది. కొండతో చీమల పోరు అనే లెక్కలో ఒక వ్యాసమట. బావ గంటసేపు మాట్లాడాడు. ఆవిడ తెలివైనది, నవ్వుతూనే అడిగింది.

"చదవం అంటున్నారు. చదవాలనుకున్నా చదవలేరా, లేక చదవగలిగీ చదవరా?"

బావ నావైపు చెయ్యి చూపించాడు. "లోపలి సంగతి ఈవిణ్ణి అడగండి. మా మరదలు అబద్ధం చెప్పదు."

"మీ దగ్గర జనం రాసిన అక్షరం ఒక్కటైనా ఉందాండీ?" అంది ఆవిడ.

"లేదు" అన్నాను.

రాసుకుంది. నా ఎదురుగానే రాసుకుంది.

మార్చి 26

వ్యాసం వచ్చింది. బావ కింద షాపులో ఉన్న కాపీలన్నీ కొన్నాడు. మా ముగ్గురి ఫోటోలో నేను పక్కకి చూస్తున్నాను. ఒక్కరోజులో మూడు వేల వంద మందిమయ్యాం.

గిన్నెలో నాలుగు వందల చిల్లర.

మార్చి 27, గురువారం

అక్క కోర్టుకి రమ్మంది. వరండాలో చివరి బల్ల మీద కూర్చుని ఉంది, టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. జనం కాగితాలు పట్టుకుని అటూ ఇటూ పరిగెడుతున్నారు.

"కూర్చో" అంది. కూర్చున్నాను.

"చూశావా, మళ్ళీ కుడివైపే కూర్చున్నావు."

నాకు అర్థం కాలేదు. తరవాత అయింది.

"పుట్టినప్పటినుంచీ నువ్వు నాకు ఎడమవైపేనే. మంచం మీద గోడవైపు నీది. ఫోటోల్లో ఎడమవైపు నువ్వు. ఆదివారం వచ్చి చుట్టూ తిరిగి కుడివైపు కూర్చున్నావు. గట్టిగా మాట్లాడావు. అమ్మమ్మతో మాట్లాడినట్టు, ఒక్కో మాటా విడదీసి. మా అత్తగారు కూడా అంది, 'మీ చెల్లేంటి, సభలో మాట్లాడినట్టు మాట్లాడుతోంది' అని."

"అక్కా..."

"చెవి డాక్టరు సంగతి ఎందుకెత్తావు? ఈ విషయం నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, ఆయనకి చెప్పలేదు. ఒకే ఒక్కచోట రాశాను."

బల్లమీద గీతలు చూస్తూ కూర్చున్నాను. ఏ అబద్ధం చెప్పాలో వెతుకుతున్నానని నాకే తెలుస్తోంది. నాలుగైదు దొరికాయి కూడా. అక్క ముఖం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"చదివాను" అన్నాను.

"ఆయన?"

"లేదు. నేనొక్కదాన్నే." గిన్నె సంగతంతా చెప్పాను. తప్పు వెతకడానికేనన్నాను. నీకు సాయం చేద్దామనే డాక్టరు పేరెత్తానన్నాను. చెబుతుంటే అన్నీ నిజాలే. వింటుంటే ఒక్కటీ నిజంలా లేదు.

"అడిగితే చెప్పేదాన్నేమో" అంది.

"అడగడానికి నాకు తెలియదు కదా అక్కా."

"తెలియనప్పుడు తెలియకుండా ఉండాలి."

గంట కొట్టారు. అక్క లేచి డబ్బా సంచిలో పెట్టుకుంది. "నా ఒక్కదానిదేనా? ఇంకా ఉన్నారా?"

"నాలుగు వందల పైన నకళ్ళు. ఎంతమందివో లెక్కపెట్టలేదు."

రోజూ సాక్షుల్ని చూసే మనిషి. నన్నూ అలాగే చూసి లోపలికి వెళ్ళింది.

మార్చి 28, శుక్రవారం

గిన్నె తీసేశాను. పొద్దున ఆఫీసుకి అందరికన్నా ముందు వెళ్ళి తీసేశాను. నకళ్ళన్నీ చెరిపేశాను. మళ్ళీ ఎవరూ బయటికి లాగలేనట్టు చెరిపాను. ఇప్పుడు మొదటి పేజీలో ఉన్న మాట నిజం. ఈ రోజునుంచీ నిజం.

తేలిగ్గా ఉంది.

మార్చి 30, ఆదివారం

అక్కకి ఫోన్ చేసి అన్నీ చెరిపేశానని చెప్పాను.

"పిల్లి మూతి తుడుచుకుంటే పాలు తాగనట్టా?" అంది. ఆ వెంటనే, "ఆయనకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అంది.

"నేను చెప్తాను."

ఏప్రిల్ 2

ఈ రోజు చెబుదామనుకున్నాను. బావకి జలుబు.

ఏప్రిల్ 4

బావకి జలుబు తగ్గింది. నాకే పని తెమలలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

మధ్యాహ్నం రంగులాయన టీకి దిగినప్పుడు చెప్పాను. కూర్చుని చెప్పాలనుకున్నాను, నిలబడే చెప్పేశాను.

బావ మొదట నవ్వాడు, ఇంకో కొత్త జోకేమో అని. తరవాత కుర్చీ నావైపు తిప్పుకున్నాడు.

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజునుంచి."

"పేపరావిడ అడిగినప్పుడు?"

"అప్పుడూ ఉంది."

"నీ మొహం చూసి చెప్పాను కదమ్మా నేను! మా మరదలు అబద్ధం చెప్పదని నేనే అన్నాను కదా!"

నిలబడ్డాను. బావ చేతిలో పెన్ను మూత తీయడం, పెట్టడం. కాసేపటికి, ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలిసినట్టే వచ్చింది.

"మీ అక్కది కూడానా?"

తలూపాను.

"ఏం రాసింది?"

"చెప్పను బావా."

"నా పెళ్ళాం అది."

"అందుకే, అక్కనే అడగండి."

"బాగుందమ్మా! ఊరందరివీ చదివేసి, ఇప్పుడు నా దగ్గరకొచ్చేసరికి నియమాలు పట్టుకున్నావా?" ఆయన గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "నా గురించి ఏమైనా రాసిందా? అది చెప్పు చాలు. మంచో చెడో అక్కర్లేదు. ఉందా లేదా?"

చెప్పెయ్యాలనిపించింది. మీ గురించి చెడ్డగా ఒక్క మాట లేదు బావా అంటే ఆయన ఊపిరి పీల్చుకుంటాడు. కానీ అదీ అక్క సొమ్మే.

"చెప్పను" అన్నాను.

రంగులాయన మెట్లెక్కుతున్న చప్పుడు వినపడింది. బావ గొంతు తగ్గించి, "చెరిపేశానన్నావు కదా. మీ అక్క బయట చెప్పదు. నువ్వు చెప్పవు" అన్నాడు. మిగతాది అనలేదు. నేనూ అడగలేదు. తలుపు తెరుచుకుంది. ఇద్దరం ఎవరి తెరలవైపు వాళ్ళం తిరిగాం.

నిజం రాయాలంటే, ఆ క్షణంలో నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరికీ చెప్పక్కర్లేదేమో అని. సాయంత్రం దాకా ఆ ఆశతోనే పనిచేశాను. బాగా పనిచేశాను కూడా.

ఏప్రిల్ 8, మంగళవారం

బావ వచ్చీ రాగానే రంగులాయన్ని కూడా కూర్చోబెట్టాడు.

"పొద్దున నా మూత తెరిచానండీ, నాలుగు ముక్కలు రాసుకుందామని. ఇప్పుడు ఎవరికీ కనపడదని తెలుసు. అయినా ఒక్క ముక్క రాయలేకపోయాను. నేనే రాయలేనిది జనాన్నెలా రాయమంటాను? అందరికీ చెప్పేద్దాం."

రంగులాయనకి నేనే చెప్పాను. ఆయన చాలాసేపు తన వేళ్ళు చూసుకున్నాడు. "బొమ్మ అక్కర్లేదన్నాను" అన్నాడు చివరికి. అంతే.

ఏప్రిల్ 9

ఎవరివి చదివానో వాళ్ళకి మాత్రమే రాద్దామన్నాడు బావ. ఎవరివో ఇప్పుడు తెలియదు. చెరిపేశాను కదా. ఆ రోజు తేలిగ్గా ఉందని ఇక్కడే రాసుకున్నాను. కాబట్టి మూడు వేల మందికీ రాయాలి. ఏమీ పోనివాళ్ళు కూడా రేపు తాము రాసినవన్నీ తలుచుకుని భయపడతారు.

బావ రాసుకొచ్చినదాంట్లో 'సాంకేతిక కారణాల వల్ల' అని ఉంది. కొట్టేశాను. నేను 'మేం చదివాం' అని రాస్తే, ఈసారి ఆయన కొట్టేశాడు.

"చదివింది మేం కాదు. నువ్వు."

చివరికి ఇలా కుదిరింది: 'మీరు రాసింది ఎవరూ చదవరని చెప్పాం. మార్చి ఏడునుంచి ఇరవై ఎనిమిది దాకా మీలో కొందరి నకళ్ళు మా దగ్గరికి వచ్చాయి. మా ముగ్గురిలో ఒకరు వాటిలో కొన్ని చదివారు. ఆ ఒకరు నేనే. మిగతా ఇద్దరికీ తెలియదు. పేపరువాళ్ళు అడిగితే లేదన్నాను. అది అబద్ధం.' కింద నా పేరు. నా పేరు నేను టైపు చేయడానికి నాలుగుసార్లు తప్పు కొట్టాను.

ఏప్రిల్ 10, గురువారం

పంపాం. పదకొండు గంటలకి.

జవాబులు సాయంత్రం దాకా చదివాను. ఇవి నాకు రాసినవి కాబట్టి చదవవచ్చు. తిట్లు చాలా ఉన్నాయి. ఒకాయన, "నేను రాసుకున్నవి ఇంటి సరుకులు. చదివి ఏం నేర్చుకున్నారు తల్లీ?" అన్నాడు. రంగులాయన ఒక్కడే నవ్వాడు. ఒకరు పేరు లేకుండా ఒకే ముక్క రాశారు: "ఎంతవరకు చదివారు?"

ఆ ముక్క ముందు కూర్చుండిపోయాను. ఆ మనిషిది చదివానో లేదో, చదివితే ఎంతవరకో, ఇప్పుడు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తెలియదని రాశాను. అంతకన్నా నీచమైన జవాబు నేనెప్పుడూ రాయలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

అక్క బావకి చెప్పేసింది. ఎలా తెలిసిందంటే, బావ వచ్చి గంటసేపు ఏ పనీ చేయకుండా కూర్చుని, ఉన్నట్టుండి అన్నాడు: "ఎనిమిది నెలలుగా ఎడమపక్కనుంచి పిలుస్తున్నానమ్మా. పలకకపోతే పొగరనుకున్నాను. మా అమ్మతో కూడా అన్నాను."

నేను తలెత్తలేదు.

"ఆ రోజు నువ్వు చెప్పనందుకు కోపం పోలేదు. కానీ చెప్పకపోవడమే మంచిదయింది" అన్నాడు.

కోర్టులో కూడా చెప్పిందట అక్క. ఉద్యోగం తీసేయలేదు. నకళ్ళ విభాగంలోకి మార్చారు. కాగితం చూసి టైపు చేయడమే.

అది నా వల్ల జరిగిందా, నేను లేకపోయినా జరిగేదా అని ఆలోచిస్తున్నాను. మంచి జరిగింది కదా అనుకుంటే మనసు కొంచెం కుదుటపడుతోంది. అలా కుదుటపడినప్పుడల్లా నామీద నాకే అసహ్యం వేస్తోంది.

ఏప్రిల్ 18

పదిహేడు వందల మంది మిగిలారు. ఎందుకు మిగిలారో తెలియదు. ఖాతా మూసేయడం మరిచిపోయి ఉంటారని బావ అంటాడు.

పేపరావిడ మళ్ళీ రాసింది. ఉన్నది ఉన్నట్టు రాసింది, కలిపిందేమీ లేదు. రంగులాయన ఉద్యోగం మారుతున్నాడు. పెద్ద కంపెనీలోనే దొరికిందట. ఆ మాట చెప్పడానికి తెగ సిగ్గుపడ్డాడు. "నేనేం అనుకోనండీ" అన్నాను. అనుకునే హక్కు నాకెక్కడిది?

ఒక గది ఖాళీ చేశాం.

ఏప్రిల్ 22, మంగళవారం

తప్పు దొరికింది.

దుస్తులు కుట్టే ఒకామె ఫోన్ చేసింది. మొదట్లో నాలుగు పేజీలు పోగొట్టుకున్నామె. ఆమె ఇంకా మమ్మల్ని వదిలిపెట్టలేదు! మళ్ళీ పోయిందట.

"మీరేం రాశారో నాకొద్దమ్మా. ఎక్కడుండి రాశారో చెప్పండి" అన్నాను.

"ఎక్కడేముంది, షాపు కట్టేసి పైకెక్కుతూ రాస్తాను. ఇల్లు పైనే కదా. అప్పుడే కాస్త తీరిక."

"షాపులో ఇంటర్నెట్టు వేరు, ఇంట్లో వేరా?"

"అవునమ్మా. షాపుది షాపుదే, ఇంటిది ఇంటిదే."

ఆమెని మెట్లెక్కమన్నాను, దిగమన్నాను. ఏమీ రాయకుండా 'అ ఆ ఇ ఈ' అని కొట్టమన్నాను. మూడోసారి ఎక్కేసరికి పోయింది. "పోయిందమ్మా!" అని ఆమె సంబరంగా అరిచింది. సంగతి ఇదీ: కింద షాపునుంచి బయల్దేరిన పాత పేజీ ఆలస్యంగా చేరి, పైన ఇంటినుంచి పంపిన కొత్తదాని మీద కూర్చుని దాన్ని చెరిపేస్తోంది. సరిచేయడానికి పదిహేను నిమిషాలు పట్టింది.

ఒక్క ప్రశ్న. మార్చి ఏడున ఈ మనిషే నాకు ఫోన్ చేసింది. ఆ రోజు క్షమించమన్నాను తప్ప ఒక్క ప్రశ్న అడగలేదు. అడగడం కన్నా గిన్నె పెట్టడం తేలికనిపించింది. ఇన్నాళ్ళూ తప్పు దొరక్క చదివానని రాసుకుంటూ వచ్చాను. ఆ మాట కూడా సరికాదు.

మే 4, ఆదివారం

అక్క నేనుండే గదికి వచ్చింది. కోర్టు వరండా తరవాత మేమిద్దరమే కూర్చోవడం ఇదే మొదటిసారి. కుడిచెవిలో చిన్న మిషను పెట్టుకుంది. ఎడమచెవికి ఇక ఏదీ పనిచేయదని డాక్టరు చెప్పిందట. ఆ సంగతి టీ పొడి ధర చెప్పినట్టు చెప్పింది. నేను ఎటు కూర్చోవాలో తెలియక మంచం మీద, తనకి ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు చదివింది నాకు చెప్పు" అంది.

"ఎందుకక్కా?"

"నీ దగ్గర నాది ఎంతుందో నాకు తెలియాలి కదా. గుర్తున్నంత చెప్పు."

చెప్పాను. కోర్టు, తేదీ, వకీలు పెదాలు, ఎవరి జైలో అన్న మాట. అక్క తలూపుతూ విన్నది. నేను ఆగాను.

"ఇంకోటుంది" అంది అక్క.

ఉంది. అది ఈ పుస్తకంలో కూడా రాయలేదు. పదో వాక్యం. ఆ రోజు కిటికీ దగ్గర నిలబడింది దాని గురించే, చెవి గురించి కాదు. ఇన్ని పేజీలు నాకోసమే రాసుకుంటూ దాన్ని దాటేశాను.

అక్క వైపు చూడకుండా చెప్పాను: "'చెల్లికి తప్ప ఎవరికైనా చెబుతాను. దానికి మనుషులంటే చెడిపోయిన వస్తువులే, బాగుచేయడానికి కూర్చుంటుంది.'"

గదిలో పైన పంకా తిరిగే చప్పుడు. అక్క వెంటనే ఏమీ అనలేదు. నా మాట వినపడలేదేమో అనుకుని తలెత్తాను. వినపడింది.

"నేనలా రాయలేదే" అంది. "'చెల్లికి మాత్రం చెప్పలేను. చెబితే అది తన పనంతా పక్కన పడేసి నన్ను బాగుచేయడానికి కూర్చుంటుంది' అని రాశాను."

"లేదక్కా. నాకు బాగా గుర్తుంది."

"నాకు గుర్తుండదా? రాసింది నేను."

నెలన్నరగా ఆ వాక్యాన్ని రోజూ మోస్తున్నాను. ఒక్క అక్షరం పోలేదనుకున్నాను. నేనే తిప్పి చదువుకున్నానో, ఇప్పుడు నా ముఖం చూసి అక్కే మెత్తగా తిప్పి చెబుతోందో తెలియదు. నా దగ్గరున్న నకలు చెరిపేశాను. అసలుది అక్క ఫోనులో ఉంది. ఒక్కసారి తెరిస్తే ఎవరిది నిజమో తేలిపోతుంది.

ఫోను మా ఇద్దరి మధ్య మంచం మీదే ఉంది. అక్కా దానివైపు చూసింది, నేనూ చూశాను.

అక్క దాన్ని తీసి చేతిసంచిలో వేసుకుంది. "వెళ్ళొస్తానే" అని లేచింది. చూపించమని నేను అడగలేదు. కింద వీధి తలుపు దాకా వెళ్ళి దిగబెట్టి వచ్చాను.